ఏడు లెక్కపెట్టేంత వేడి

మా కళ్ళాసుపత్రి ఆపరేషన్ గదిలో నా పని ఒక్కటే. స్పిరిట్ దీపం మీద వాతపుల్ల కాల్చి డాక్టరమ్మ చేతికి అందించడం. వాతపుల్ల అన్నది నేను పెట్టిన పేరు. వాళ్ళు కాటరీ అంటారు. పెన్ను పొడుగున ఓ కాడ, దాని చివర చిన్న గుండు, గుండుకి వంకర తిరిగిన సన్నటి ముక్కు. గుండు వేడిని దాచుకుంటుంది, ముక్కు ఆ వేడిని కంటి దాకా మోసుకెళ్తుంది. అంతే.

శుక్లం తియ్యాలంటే ముందు కంటి తెల్లగుడ్డు మీదుండే పల్చటి పొరని కత్తెరతో విప్పాలి. విప్పగానే రక్తం ఊరుతుంది. ఆ ఊట మీద వేడి ముక్కుని అలా ఆనించి తీసేస్తే ‘చుయ్’మని ఆగిపోతుంది. వేడి చాలకపోతే రక్తం ఆగదు, కింద ఏముందో డాక్టరమ్మకు కనపడదు. వేడి ఎక్కువైతే ఆ చోటు పాలిథిన్ కవరు సెగ తగిలినట్టు తెల్లగా ముడుచుకుపోతుంది. అప్పుడు పెట్టిన గాటు సరిగ్గా మూసుకోదు, చూపు వంకరపోతుంది.

మరి ఎంత వేడి? గుండు మసక ఎరుపు తిరగ్గానే మంట మీంచి తీసి, ఒక్క ఊపిరి ఆగి ఇవ్వాలి. ఇరవై రెండేళ్ళుగా అలాగే ఇచ్చాను. నేను ఏడో తరగతి మూడుసార్లు చదివినవాణ్ణి, అంత ఇష్టం నాకా తరగతంటే. ఆ చదువుకి ఆపరేషన్ గదిలో నిలబడనివ్వడమే గొప్ప. పైగా డాక్టర్ల నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరూ నన్ను మావయ్యా అనే పిలుస్తారు. నేను చేసే అల్లరికి పళ్ళు నూరుకుంటూనే పిలుస్తారు. పెద్దసిస్టర్ చెప్పుల్లో దూది కూరడం, ఫార్మసీ ఆయన కళ్ళజోడు అద్దాలకి మైనం రాయడం లాంటి చిన్న చిన్న పనులు నాకు టీ తాగినంత మామూలు.

ఆరు నెలల కిందట మంట కనపడటం మానేసింది.

స్పిరిట్ మంట నీలంగా పల్చగా ఉంటుంది. మొదట దాని అంచు పోయింది, తర్వాత మొత్తం పోయింది. చుట్టూ ఉన్నవన్నీ పాత న్యూస్‌పేపరు రంగుకి తిరిగాయి. తెల్ల గోడ పసుపు, నీలం గౌను బూడిద, గుండు మీది ఎరుపు చూద్దామంటే బూజు పట్టిన గాజులోంచి చూసినట్టు. నాకేం వచ్చిందో నాకు తెలీదంటే అంతకన్నా అబద్ధం లేదు. రోజుకి పన్నెండు మంది ఆ జబ్బుతోనే నా ముందు పడుకుంటారు.

చెప్పొచ్చు కదా అంటారా? రోజూ ఆ బల్ల పక్కనే నిలబడేవాణ్ణి, అది ఎక్కాలంటే మోకాళ్ళు వణికాయి. ఆ ‘చుయ్’ శబ్దం, దాని వెంట వచ్చే కాలిన వెంట్రుక వాసన నా కంట్లోంచి రావడం ఊహించుకోలేకపోయాను. ఏడాదికోసారి ఆస్పత్రి వాళ్ళకి కూడా కళ్ళు చూస్తారు. గోడకి వేలాడే పటం మీద కాళ్ళు తలో దిక్కుకీ చాపిన ఇంగ్లీషు E లాంటి గుర్తులుంటాయి, కాళ్ళు ఎటున్నాయో చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ పటం దుమ్ము దులిపేది నేనే. కిందనుంచి పైకి, పైనుంచి కిందికి గడగడా అప్పజెప్పాను. “మావయ్య కళ్ళు గద్ద కళ్ళు” అని రాసుకున్నారు.

అంచేత లెక్క పట్టుకున్నాను. అరచెయ్యి పైన పెట్టి మంట ఎక్కడుందో సెగని బట్టి కనిపెట్టడం, గుండుని అక్కడ పెట్టి ఏడు లెక్కపెట్టడం, తీసి ఒక్క ఊపిరి ఆగడం. ఏడుకి సరిగ్గా వచ్చేది. వత్తి ఒకే ఎత్తులో ఉన్నంతకాలం వచ్చేది.

మూడు వారాల కిందట ఎవరో దీపంలో కొత్త వత్తి ఎక్కించారు. నాకు తెలీదు. ఆరోజు బల్ల మీద ఓ పంతులమ్మ ఉంది. నేను ఏడు లెక్కపెట్టి ఇచ్చాను. ‘చుయ్’ కాదు, ‘చర్ర్’మంది. డాక్టరమ్మ “అయ్యో” అంది. మైక్రోస్కోపులోంచి తలెత్తకుండా చాలాసేపు కూచుంది. గాటు మూసుకోక రెండు కుట్లు వెయ్యాల్సొచ్చింది. బయటకొచ్చాక చేతులు కడుక్కుంటూ నాతోనే అంది.

“నా చెయ్యి బరువెక్కింది మావయ్యా. ఎక్కువసేపు ఆనించేశాను.”

ముప్ఫై రెండేళ్ళ పిల్ల. మా ఆస్పత్రికి వచ్చి రెండేళ్ళయింది. నేను నోరు తెరిచాను. తెరిచిన నోటితో ఏమన్నానో తెలుసా? “రాత్రి చపాతీలు మీరే వత్తారేమో, అందుకే బరువెక్కింది” అన్నాను. తను నవ్వలేదు. ఆ రోజు నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా కుర్చీలో కూచుని కుడి చెయ్యి చాపి వేళ్ళు వణుకుతున్నాయేమో చూసుకునేది. నేను పక్కనుంచి దీపానికి స్పిరిట్ పోసుకుంటూ చూసీ చూడనట్టు ఉండేవాణ్ణి.

ఇదిలా ఉండగా మా అక్క వచ్చింది.

మా బావ టైలరు. కుర్రతనంలో కుట్టుమిషన్ సూది విరిగి ఎగిరొచ్చి ఎడమ కన్ను పోయింది. మిగిలిన కన్నుతోనే నలభై ఏళ్ళు కుట్టాడు, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించాడు. ఇప్పుడు దానికీ శుక్లం ముదిరింది.

“నల్లచొక్కాకి గోధుమరంగు గుండీలు కుట్టిచ్చాడురా” అంది అక్క, నా ఇంటి గడప మీదే కూలబడి. “ఆ చొక్కా కుట్టించుకున్నాయన కొట్టుకొచ్చి అందరి ముందూ విసిరేసి వెళ్ళాడు. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా. గుడ్డ కత్తిరించేటప్పుడు పక్కన కూచుని ‘ఇటు, ఇటు, అటు కాదు’ అని చెబుతున్నా. ఆపరేషన్ చేయించుకోవయ్యా మగడా అంటే వినడు. ఉన్నదొక్కటే, అదీ పోతే నన్నెవరు చూస్తారంటాడు. నువ్వన్నా చెప్పు.”

మర్నాడు పొద్దున్న కొట్టుకెళ్ళాను. బావ మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, గుడ్డని ముక్కు దాకా తెచ్చుకుని కుట్టు వాసన చూస్తున్నట్టు కుడుతున్నాడు.

“ఎవరూ?” అన్నాడు.

“సేల్స్ టాక్స్.”

“నీ గొంతు నాకు తెలీదేంట్రా దొంగవెధవా. కూచో. ఆ స్టూలు మీద కాదు, దాని మీద సూదులున్నాయి.”

మా ఇద్దరి మధ్యా ముప్ఫై ఏళ్ళ లెక్కలున్నాయి. ఓసారి పాపం పేద మనిషి, ఊరికే కుట్టిపెట్టు బావా అని ఓ ప్యాంటు కొలతలిచ్చాను. నడుము పద్దెనిమిది అంగుళాలు, పొడుగు నలభై. “ఇంత చిక్కిపోయాడేంట్రా, తిండి లేదా?” అని బావ కళ్ళనీళ్ళు పెట్టుకుని కుట్టాడు. తీరా అది మా ఆస్పత్రిలో నర్సులకి పాఠం చెప్పే గదిలో వేలాడే ఎముకల బొమ్మది. ప్యాంటు తొడిగిన బొమ్మని చూపిస్తే నన్ను మీటరు కర్ర పట్టుకుని వీధి చివరిదాకా తరిమాడు. ఆ తర్వాత మూడు నెలలు నేను ‘నిప్పు’ అన్నా నీళ్ళు తెచ్చేవాడు కాదు.

“బావా, ఆపరేషన్ చేయించుకో” అన్నాను.

మిషన్ ఆపాడు. చేతిచక్రం మీద అరచెయ్యి వేసి ఉంచాడు.

“భయమేస్తోందిరా” అన్నాడు నెమ్మదిగా. “నీ దగ్గర దాపరికమేముంది. కళ్ళు మూసుకుంటే ఎలా ఉంటుందో రోజూ సాధన చేస్తున్నా. గుండీ అయితే కుట్టగలను. కాలరు కుట్టలేను.” చెవి మీది సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టి, “ఒక్కటి చెప్పు. నువ్వుంటావా అక్కడ?” అన్నాడు.

“ఎక్కడ?”

“ఆ బల్ల దగ్గర. కంటికి వాత పెడతారంటగా, మీ అక్క చెప్పింది. ఆ పుల్ల కాల్చేది నువ్వేనంటగా. నువ్వు కాలుస్తానంటే ఎక్కుతా. వేరే ఎవడన్నా అయితే చచ్చినా ఎక్కను.”

అక్క గుమ్మంలోంచి తొంగిచూసింది. మొహం వెలిగిపోయింది.

చెప్పేశాను. నిజంగా చెప్పేశాను. “బావా, నాకే కనపడట్లేదు. ఆర్నెల్లయింది. దీపంలో మంట ఉందో లేదో కూడా తెలీట్లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి ఇస్తున్నా” అన్నాను.

బావ ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. టేపు మెడలోంచి జారిపడేలా నవ్వాడు. “ఓసేయ్ విన్నావా?” అని అక్కని పిలిచాడు. “మంట కనపడని వాడు వాతలు పెడుతున్నాడంట! ఎముకలకి ప్యాంటు కుట్టించినవాడివి, నీ కన్నా ముందు నేనే పుట్టానురా!”

అక్క కూడా నవ్వింది. “పోరా, బెదిరించకు ఆయన్ని. ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాడు.”

నేనూ నవ్వాను. ఏం చెయ్యను? ఇద్దరు నవ్వుతుంటే మూడోవాడు నవ్వకుండా ఎలా ఉంటాడు? ఆ నవ్వులోనే తారీఖు ఖాయమైపోయింది.

దారిలో నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. డాక్టరమ్మతో చెబితే నన్ను గదిలోంచి పంపేస్తుంది. నేను లేకపోతే బావ బల్లెక్కడు. బావ ఎక్కకపోతే ఆ కన్ను ఎలాగూ పోతుంది. కాబట్టి చెప్పకపోవడమే బావకి మంచిది. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ప్రతి ముక్కా సరిగ్గా అతికింది. మధ్యలో నా మోకాళ్ళ వణుకు ఒక్కటే ఎక్కడా అతకలేదు.

వత్తిని మాత్రం పంతులమ్మ రోజు నుంచీ నేనే చూసుకుంటున్నాను. ఆరోజే తడిమి చూసి పాత ఎత్తుకి కత్తిరించాను. ముందురోజు మధ్యాహ్నం ఖాళీ గదిలో దీపం వెలిగించి, పాడైపోయిన చేతి తొడుగు మీద వాతలు పెట్టి చూసుకున్నాను. ఏడుకి ఓ వాత, ఏడుకి ఓ వాత, పదిహేను వాతలు. అన్నీ ఒకేలా పడ్డాయని వేలితో తడిమి తెలుసుకున్నాను. ఇంకేం, అనుకున్నాను.

ఆపరేషన్ రోజు బావది నాలుగో నంబరు. ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, పాదాలకి గుడ్డ సంచులు తొడుక్కుని వచ్చాడు.

“ఈ టోపీ ఎవడు కుట్టాడ్రా? కుట్టు చూడు, కోడి గీసినట్టుంది” అన్నాడు. గొంతులో జీవం లేదు.

“నువ్వే కుట్టావు బావా, కిందటేడు టెండరులో.”

“నోర్ముయ్.”

కంటి కింద మత్తు సూది వేశారు. ఆ మత్తు కంటికే, మనిషికి కాదు. అన్నీ వినపడతాయి. అందుకే తల కదిలితే ప్రమాదం. గాటు పెట్టేటప్పుడు ఉలిక్కిపడ్డాడంటే ఆ ఒక్క కన్నూ గోవిందా. మొహం మీద గుడ్డ కప్పి కన్ను ఒక్కటే బయటికి ఉంచారు. గుడ్డ కింద నుంచి బావ పిలిచాడు.

“ఉన్నావా?”

“ఎక్కడికి పోతాను? దీపం దగ్గరే ఉన్నా.”

“మాట్లాడుతూ ఉండు. ఆపావంటే లేచి పోతా.”

డాక్టరమ్మ మాస్కు వెనక నుంచి “మాట్లాడండి మావయ్యా, ఆయన నిమ్మళంగా ఉంటారు” అంది. తన వేళ్ళు ఓసారి ముడిచి చాపి చూసుకుంది. అది నాకు బాగానే కనపడింది.

నేను మొదలెట్టాను. పక్కింటి ఆయన గొడుగు కథ, మా ఆవిడ నన్ను ఇంట్లోంచి గెంటేసిన కథ, ఏది నోటికొస్తే అది. కత్తెర రెండుసార్లు కదిలింది. డాక్టరమ్మ చెయ్యి నా వైపు చాచింది.

“మావయ్యా, వేడి.”

అరచెయ్యి దీపం మీద పెట్టాను. సెగ లేదు. అటు జరిపాను. ఎక్కడో తగిలీ తగలనట్టు తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. నెలనుంచి పాడై ఉన్న ఏసీని నిన్న సాయంత్రం, నేను ఇంటికెళ్ళాక బాగుచేసి వెళ్ళారట. మూడో ఆపరేషన్ అయ్యాక దాన్ని వేశారు. గాలి సరిగ్గా దీపం వైపే కొడుతోంది. మంట ఎటో వంగి ఉంది. ఎటు?

“ఏమైందిరా, ఆపేశావు?” అన్నాడు బావ.

“ఆపలేదు బావా, ఊపిరి తీసుకుంటున్నా. ఆ… అప్పుడు మా ఆవిడ ఏం చేసిందంటే…”

సెగ తగిలిందనుకున్న చోట గుండు పెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఊరికే నిలబడి శ్రద్ధగా చూస్తున్నట్టు మొహం పెట్టాను. నాలుగు, అయిదు.

పెద్దసిస్టర్ నా పక్కనే, పనిముట్ల బల్ల దగ్గరుంది. యాభై దాటిన మనిషి. నన్ను చూస్తేనే నొసలు చిట్లించే మనిషి. ఆవిడ ఓసారి దీపం వైపు చూసింది. నా చేతి వైపు చూసింది. మోచేత్తో నన్ను పొడిచి పెదవులు కదలకుండా గుసగుసలాడింది.

“ఇక్కడ కూడా వేషాలా? మంట అటుంటే ఇటు పెడతావేంటి?”

నేను పక్కకి జరిపాను.

“అటు కాదు.”

మళ్ళీ జరిపాను. ఆవిడ గుసగుస ఆగిపోయింది. నేను తల తిప్పి చూసేసరికి ఆవిడ దీపాన్ని చూడట్లేదు. నా కళ్ళలోకి చూస్తోంది. పెద్దసిస్టర్ వేలమంది కళ్ళలోకి చూసింది, ఇరవై రెండేళ్ళలో నా కళ్ళలోకి ఎప్పుడూ చూడలేదు.

“మావయ్యా, రక్తం నిండిపోతోంది” అంది డాక్టరమ్మ.

“సిస్టర్” అన్నాను. కాడ ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ తీసుకుంది. ఆవిడ ఎప్పుడూ కాల్చలేదు. ఎంతసేపు అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

గుడ్డ కింద బావ కాళ్ళు కదిలాయి. “ఎవరితోరా? ఏమంటున్నావు? నువ్వే కాలుస్తున్నావా?”

నా జన్మలో ఎన్నో వేషాలు వేశాను. అంత పెద్ద వేషం ఎప్పుడూ వెయ్యలేదు.

“నేను కాక మీ నాన్న కాలుస్తాడా? కదలకు. ఇదిగో పెట్టాను మంట మీద. నీలం మంట బావా, కొత్త పట్టుగుడ్డ అంచులా ఉంది. గుండు ఇప్పుడు నల్లగా ఉంది. నల్లగానే ఉంది. ఇదిగో మసకగా ఎరుపు తిరుగుతోంది చూడు. తిరిగిందా, తిరిగింది, ఇక చాలు, తీసేశా. ఒక్క ఊపిరి. హా. ఇదిగో డాక్టరమ్మా.”

ఆ మాటలు బావకి చెబుతున్నట్టే చెప్పాను. పెద్దసిస్టర్ ఒక్కో మాట వింటూ, గుండు నిజంగా ఎరుపు తిరిగినప్పుడు తీసి, నేను ఊపిరి వదిలినప్పుడు అందించింది. డాక్టరమ్మ చాచిన చేతిలో పడింది. ఆ చెయ్యి సగంలో ఒక్క క్షణం ఆగింది. తనకి కాడ అందించిన చేతి తొడుగు చిన్నది, నాది కాదు. తలెత్తలేదు. కంటి దగ్గరికి తీసుకెళ్ళింది.

‘చుయ్.’

సన్నగా, సరిగ్గా, ఒక్కసారి.

“ఇంకోసారి” అంది డాక్టరమ్మ.

మళ్ళీ నేను మంట గురించి చెప్పాను, సిస్టర్ కాల్చింది. మూడుసార్లు. బావ కాళ్ళు మళ్ళీ కదల్లేదు. ఇరవై నిమిషాల్లో ముదిరిన శుక్లం బయటికొచ్చింది, కొత్త అద్దం లోపలికెళ్ళింది. కుట్టు అవసరం పడలేదు. నేను ఇరవై నిమిషాలూ మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

చేతులు కడుక్కునే చోట డాక్టరమ్మ నా కోసం ఆగింది. కుళాయి కట్టెయ్యలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఆరు నెలలు.”

“పంతులమ్మ గారి రోజున?”

తలూపాను. సరదా మాటొకటి నాలుక చివరకి వచ్చింది. దాన్ని మింగడం అంత కష్టమని ఆరోజే తెలిసింది.

“మూడు వారాలు నా చేతిని నేనే నమ్మలేదు మావయ్యా.” అరవలేదు. అరిచినా బావుండేది. “సర్జరీ మానేసి పైన కళ్ళజోళ్ళకి చీటీలు రాసే పనిలో కూచుంటానని నిన్ననే పెద్దసార్ దగ్గరికి వెళ్ళొచ్చా. మీరు నా పక్కనే ఉన్నారు. రోజూ చెయ్యి చాపి చూసుకుంటుంటే చూశారు.”

“చూశానమ్మా.”

“ఆర్నెల్లలో మీరు కాల్చి ఇచ్చిన వాళ్ళందర్నీ మళ్ళీ పిలిపించి చూడాలి. ఏ రోజు వేడి ఎక్కువయిందని మీకనిపించిందో గుర్తు చేసుకుని చెప్పాలి. పెద్దసార్‌కి నేను చెబుతాను, మీరు నా పక్కన నిలబడాలి. రేపట్నుంచి ఈ గదిలోకి రావద్దు.”

“సరేనమ్మా.”

తను వెళ్ళిపోయింది. కుళాయి నేను కట్టాను. ఆ సాయంత్రమంతా రిజిస్టరు ముందు కూచున్నాను. పెద్దసిస్టర్ ఒక్కో పేరూ చదివింది, నేను కళ్ళు మూసుకుని ఆరోజు శబ్దం ఎలా వచ్చిందో గుర్తు చేసుకున్నాను. కొన్ని గుర్తొచ్చాయి. చాలా గుర్తురాలేదు. గుర్తురాని వాటి దగ్గర ఆవిడ పెన్సిలుతో చుక్క పెట్టింది. ఒక్కసారి కూడా నొసలు చిట్లించలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు పొద్దున్న బావ కట్టు విప్పారు. అక్క నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. డాక్టరమ్మ దూది తీసింది, తడి గుడ్డతో రెప్పలు తుడిచింది. “నెమ్మదిగా తెరవండి.”

బావ తెరిచాడు. నీళ్ళు కారాయి. పటం కేసి చూసి కాళ్ళు ఎటున్నాయో చెప్పడం మొదలెట్టాడు. కింది నుంచి రెండో వరస దాకా వెళ్ళాడు. అక్క అక్కడే ఏడ్చేసింది. డాక్టరమ్మ లైటు వేసి కన్నంతా చూసి, “చాలా బావుంది” అని చీటీ రాసిచ్చి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

“నీ చీర నీలమా?” అన్నాడు బావ అక్కతో. “బూడిద రంగు అనుకుంటున్నానే రెండేళ్ళ నుంచి.” తర్వాత నా కోసం చూశాడు. మొహమంతా నవ్వు. గదిలో ఉన్న నలుగురు పేషెంట్లకీ వినపడేలా అన్నాడు. “చూశారా, మా బావమరిది. వీడి చెయ్యే. వాత పెట్టినట్టే తెలీలేదు. వీడుంటే కళ్ళు మూసుకుని… అదే, కళ్ళు తెరుచుకుని పడుకోవచ్చు!”

ఎవరో నవ్వారు. అవతలి మంచం మీదున్న ముసలాయన “నాదీ ఇవాళే, నాకూ మీరే కాల్చి పెట్టండి బాబూ” అన్నాడు.

“ఇలా రా, కిటికీ దగ్గరికి” అన్నాడు బావ. “ఎన్నాళ్ళయిందిరా నీ మొహం సరిగ్గా చూసి.”

వెళ్ళాను. కాలరు కొలత తీసేటప్పుడు పట్టుకున్నట్టు నా గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి వెలుగులోకి తిప్పాడు. నవ్వుతూనే చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వు ఆగింది.

“నీ కంటిపాప నల్లగా లేదేంట్రా? టీ డికాషను రంగులో ఉంది. రెండూ అలాగే ఉన్నాయి.”

“కొత్త ఫ్యాషన్ బావా, దిగుమతి సరుకు” అన్నాను.

బావ నవ్వలేదు. గడ్డం వదల్లేదు.

“ఆరోజు కొట్లో చెప్పావే. నిజమేనా?”

“నిజమే.”

“మరి మొన్న… అదే, నిన్న?”

“పెద్దసిస్టర్ కాల్చింది. నేను కబుర్లు చెప్పాను.”

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ వేళ్ళు నా గడ్డం మీంచి జారిపోయాయి. మంచం మీద కూచున్నాడు. తన అరచేతులు తిప్పి గీతలు చూసుకుంటున్నాడు, ఆ కొత్త కన్నుతో.

“ఆవిడ చూసి ఉండకపోతే?” అన్నాడు.

“ఏమో బావా.”

“ఏమో అంటావేంట్రా. ఏమో ఏంటి? నాకున్నది ఒక్కటి.”

“నేను లేకపోతే నువ్వు ఎక్కవు కదా అని…”

“నా మీద పెట్టకు.” గొంతు పెద్దదైంది. అవతలి ముసలాయన ఇటు తిరిగాడు. బావ గొంతు తగ్గించాడు. “నువ్వు చెప్పావు, నేను నవ్వాను. అది నా తప్పే, ఒప్పుకుంటా. కానీ రెండోసారి ఎందుకు చెప్పలేదు?”

ఒక్కసారి చెప్పి నవ్వించుకున్నాక, రెండోసారి చెప్పడానికి మొహం వేరేగా పెట్టాలి. ఆ మొహం నాకు పెట్టడం రాదు. అది జవాబు కాదని నాకూ తెలుసు.

“పద” అన్నాడు బావ లేచి.

“ఎక్కడికి?”

మణికట్టు పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళాడు. నిన్నటిదాకా గోడ తడుముకుంటూ నడిచిన మనిషి మెట్ల దగ్గర కూడా ఆగలేదు, నేనే తడబడ్డాను. వెనక అక్క “మెల్లగా, ఇప్పుడే విప్పారు, వంగకూడదన్నారు” అంటూ వస్తోంది. కింద చీటీలు రాసే కిటికీ ముందు నిలబెట్టాడు.

చీటీలు రాసే ఆయన నన్ను చూడగానే పెన్ను కింద పెట్టి కుర్చీ వెనక్కి జరిపాడు. కిందటి వారమే ఆయన కుర్చీ కాళ్ళకి బంక రాశాను.

“ఏం మావయ్యా, ఎవరికి చీటీ?”

“వీడికే. రెండు కళ్ళూ” అన్నాడు బావ.

ఆయన నా వైపు, బావ వైపు చూసి పడీ పడీ నవ్వాడు. “బావా బావమరదులు కలిసే దిగారా? గద్ద కళ్ళకి శుక్లమా? పొద్దున్నే నేనే దొరికానా?”

నాకూ పెదవులు సాగాయి. అలవాటు. బావ నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, ఎముక నొప్పెట్టేంత.

“రాయండి” అన్నాడు.

ఆయన ఇంకా నవ్వుతున్నాడు. బావ ఆగి, మళ్ళీ అన్నాడు.

“రాయండి.”